ఇంటికి చేర్చే బండి

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద నా షెడ్డు ఇప్పుడు ఇమ్రాన్ నడుపుతున్నాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడి కొడుకు. నాకు చేతులు వణకడం మొదలయ్యాక స్పానర్లు అతనికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. చేతులు పోయాయి గానీ చెవులు పోలేదు. వీధిలో పోయే బండికి ఏం జబ్బో మంచం మీద నుంచే చెప్పగలను. ఆ చెవి కోసమే ఇమ్రాన్ నా వెంటపడ్డాడు.

"రాయి మామా. నువ్వు పోతే ఇదంతా నీతోనే పోతాది. పుస్తకాల్లో ఉండేది పుస్తకాల్లో చదువుకుంటాం. పుస్తకాల్లో లేంది రాయి" అన్నాడు.

సరే, రాస్తున్నాను. ఎన్ని బండ్లు బాగుచేశానో, ఎవరెవరు శాలువా కప్పారో చెప్పను. అవి ఎవరికీ పనికిరావు. ఒక బండి గురించి చెబుతాను.

ఏ బండి కొనాలి?

గండికోట చూడ్డానికి బెంగళూరు నుంచి కుర్రాళ్లు భుజమెత్తు బండ్ల మీద వస్తుంటారు. అడ్వెంచర్ బండ్లంటారు వాటిని. మట్టి, రాయి, తారు, దేని మీదైనా పోతాయట. జమ్మలమడుగు దాటాక ఏదో ఒకటి వదులైతే మన షెడ్డుకే తెస్తారు. ఏ బండి కొంటే మంచిదని మన ఊరి పిల్లలు నన్నడుగుతారు.

నా లెక్క ఒకటే. మరీ పెద్ద బండి గొప్పకు బాగుంటుంది. గండికోట రాళ్లలో పక్కకు ఒరిగితే లేపడానికి నలుగురు కావాలి, ఆ నలుగురూ అక్కడ ఉండరు. మరీ చిన్నది, ఒక్క సిలిండరుది, ముద్దనూరు దాటేసరికి చేతులకు తిమ్మిరెక్కిస్తుంది. మధ్యరకంలో రెండు సిలిండర్ల బండి ఉంటుంది చూశారా, దాన్ని ఎవరూ పొగడరు. షోరూములో వెనక వరసలో పెడతారు. సెకండ్ హ్యాండులో ఎవరూ అడగరు కాబట్టి అగ్గువకు వస్తుంది. కానీ కొన్నవాడు అమ్మడు. ఒక సిలిండరు తోసేటప్పుడు ఇంకోటి సర్దుకుంటుంది, అందుకని వణుకు తక్కువ. బరువు ఒక మనిషి మోయగలిగినంతే. లాగాల్సినప్పుడు లాగుతుంది, నింపాదిగా పోవాల్సినప్పుడు పోతుంది.

ఇమ్రాన్‌కు ఇది కొత్త విషయం. నాకు కాదు. అలాంటి బండిని నేను ఈ షెడ్డులోనే నా చేతుల్తో తయారుచేశాను. అప్పట్లో దానికి అడ్వెంచర్ అనే పేరు లేదు. రాళ్ల బండి అనేవాళ్లం.

ఉస్తాద్ పెట్టిన కట్టడి

అవి పార్టీల రోజులు. బయటివాళ్లకు పార్టీ అంటే జెండా, ఎలక్షను. మా వైపు పల్లెల్లో పార్టీ అంటే ముందు మనుషులు, జెండా తర్వాత. ఊరికి రెండు పార్టీలు. ఆ ఇంట్లో చచ్చినవాడికి ఈ ఇంట్లో ఒకడు చావాలి. జెండాలు మారినా ఆ లెక్క మారేది కాదు. పులివెందుల, లింగాల వైపు నుంచి జమ్మలమడుగు దాకా ఏ ఊరి పేరెత్తినా దాని వెనక ఒక చావు ఉండేది.

ఆ మనుషులందరికీ బండ్లుండేవి, ఆ బండ్లన్నీ చెడిపోయేవి. రెండు పార్టీల బండ్లూ ఒకే షెడ్డుకు వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఖాదర్ సాబు దానికి ఒక ఏర్పాటు చేశాడు. ఒక వైపు వాళ్లు సోమవారం, మంగళవారం రావాలి. రెండో వైపు వాళ్లు బుధవారం, గురువారం. శుక్రవారం నమాజు, మిగతా రెండు రోజులు ఊళ్లోవాళ్లకు. ఎంత పెద్ద మనిషైనా తన రోజు తప్పి వస్తే ఉస్తాద్ బండి ముట్టేవాడు కాదు.

రెండో కట్టడి నోటికి. "షెడ్డులో ఎవరి బండో చెప్పొద్దు. ఎవరొచ్చినారో, యాడికి పోతాండారో చెప్పొద్దు. నువ్వు మెకానిక్‌వి. బండికి ఏం జబ్బో అది మాత్రం చెప్పు" అనేవాడు. ఒకసారి టీ తాగుతూ, ఒకాయన జీపు రేపు తయారవుతుందని నోరు జారాను. అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బతో నా నోరు జన్మకంతటికీ మూతపడింది.

ఆ కట్టడి వల్లే మేము బతికాం. మా వీధిలో ఇంకో మెకానిక్ ఎవరో అడిగితే ఏదో చెప్పాడు, తర్వాత ఆయన షెడ్డు లేదు. అందుకని ఉస్తాద్ చెప్పింది తప్పు అని నేను ఈరోజుకీ అనలేను. కానీ నోరు మూసుకోవడం ఒక్కటే నేర్చుకున్నవాడికి, ఎప్పుడు తెరవాలో తెలియకుండా పోతుంది. అది నాకు ఉస్తాద్ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

రాళ్ల బండి

బయపురెడ్డిది లింగాల పక్క ఊరు. ఒక పార్టీకి పెద్ద తలకాయ. మంగళవారం మనిషి. ఆయన ఒకరోజు రెండు సిలిండర్ల బండి ఒకటి ట్రాక్టరులో వేసుకొచ్చాడు. బెంగళూరులో ఎవరో పెట్రోలు తాగుతుందని విసిగిపోయి అమ్మేసిన బండి అది. మూడు చేతులు మారింది. కాగితాలింకా ఆ బెంగళూరాయన పేరు మీదే ఉన్నాయి.

"దీన్ని నడిపేవాడు లేడంట, బాగుచేసేవాడు లేడంట. అందుకే అగ్గువకిచ్చినాడు. నువ్వేం జేస్తావో నాకు తెల్దు బాషా. మా రాళ్లల్లో పోవాల" అన్నాడు.

అప్పటికి ఉస్తాద్ పోయి షెడ్డు నా చేతికొచ్చింది. వయసులో ఉన్నాను. నా అంత పనివాడు జిల్లాలో లేడని నాకు నమ్మకం. ఆ బండి పని మీద ఒక నెల కూర్చున్నాను. నల్లరేగడి బురద పట్టకుండా ముందు మడ్‌గార్డు పైకెత్తాను. ఇంజను కింద ఇనపరేకు బిగించాను. వేరే బండి హ్యాండిలు తెచ్చి ఎత్తు పెంచాను. రాళ్లకు తగలకుండా రెండు సైలెన్సర్లనూ పక్కలకు లేపాను. సైలెన్సరు లోపల శబ్దాన్ని అణచడానికి ఒక సన్న గొట్టం ఉంటుంది. ఆ రెండు గొట్టాలూ ఊడదీసి పాత డాల్డా డబ్బాలో వేసి అలమార మీద పెట్టాను. వాటిని తీస్తే బండి ఇంకొంచెం చురుగ్గా లాగుతుంది. అంతకంటే ముఖ్యం, గొంతు వస్తుంది.

ఆ బండికి రెండు కార్బురేటర్లు. రెండూ సమంగా ఊపిరి తీస్తేనే ఇంజను సమంగా పలుకుతుంది. అరచేతులు రెండూ రెండు సైలెన్సర్ల చివర పెట్టి, తగిలే గాలిని పోల్చుకుంటూ స్క్రూ తిప్పాలి. కుడిచేతికీ ఎడమచేతికీ ఒకే దెబ్బ తగిలేదాకా తిప్పాలి. ఇమ్రాన్, నువ్వు అడిగిన చెవి పని ఇదే, కాకపోతే సగం అరచేతిలో ఉంటుంది.

ఆ సాయంత్రం బండి పలికిన తీరు నాకింకా గుర్తుంది. అలాంటి శబ్దం జిల్లాలో ఇంకో బండికి లేదు. బయపురెడ్డి దాని మీద వెళ్తుంటే జమ్మలమడుగు రోడ్డు మీద జనం తిరిగి చూశారు. నేను షెడ్డు ముందు నిలబడి, శబ్దం ఆగిపోయేదాకా వింటూ ఉండిపోయాను. గర్వం. ఇంకో మాట ఎందుకు?

రెండేళ్లు తిరిగాక ఆయన బండి వెనక్కి తెచ్చాడు. ఆ మధ్యలో ఆయన వైపు ఒకడు, ఎదుటి వైపు ఇద్దరు పోయారు.

"అమ్మెయ్యి బాషా. జీపు తీసుకుంటాండా."

"బండికేమైంది రెడ్డన్నా? బాగలేదా?"

"శానా బాగుండాది. అదే ఎచ్చయిపోయింది. నేను వంక దాటకముందే నేనొస్తాండానని ఊరంతా ఎరకపడతాది. దీని గొంతు మావాళ్లకెంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు." వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "నేను అమ్మినట్టు యాడా చెప్పొద్దు."

ఆ మాట అసలు చెప్పనక్కర్లేదు. చెప్పకపోవడం నా షెడ్డు పద్ధతి. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడని తర్వాత నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఇప్పుడు మానేశాను. నా వాటా నాకు చాలినంత ఉంది.

అయ్యోరు

జయరాజు అయ్యోరుకు లింగాల అవతల పల్లెలో బడి. మా వైపు పంతులును అయ్యోరంటాం. ఆయనది మిషను కాలం నుంచి చదువుకున్న క్రైస్తవ కుటుంబం. తండ్రీ తాతా కూడా పంతుళ్లే. పులివెందులలో కాపురం. భార్య గ్రేసమ్మ అక్కడే ఇంకో బడిలో టీచరు. ఆయన బడికి రోజుకు ఒక్క బస్సు. అది లింగాలలో దించితే అక్కడి నుంచి రాళ్ల దారిలో నడక. సాయంత్రం తిరుగు బస్సు తప్పితే రాత్రికి ఆ పల్లెలోనే పడుకోవాలి. అది పార్టీల పల్లె. గ్రేసమ్మ ఆ రాత్రుళ్లు కన్ను మూసేది కాదు.

ఆయన శనివారం నా దగ్గరికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబుకు ఎర్ర సిరా మరక. ప్రతి మాటా ఆలోచించి మాట్లాడేవాడు.

"నాకు స్పీడు వద్దు బాషా, సోకు వద్దు. ఏమైనా సరే సాయంత్రానికి ఇంటికి చేర్చే బండి కావాల. ఇంట్లో ఆమెకు మాటిచ్చినా."

నేను ఆయన్ని రాళ్ల బండి దగ్గరికి తీసుకెళ్లాను. దాన్నప్పటికే ఎరుపు నుంచి ముదురు ఆకుపచ్చకు మార్చాను.

"ఇది తీసుకో అయ్యోరూ. దీని విలువ తెలీక జనం వదిలేస్తాండారు. ఒక సిలిండరు దావలో చచ్చిపోయినా ఇంకోటి నిన్ను ఇంటికి చేరుస్తాది. ఒంటి సిలిండరు బండి ఆ పని జెయ్యలేదు."

అది అబద్ధం కాదు. ఆ బండికి అంత మంచి మాట నేనెప్పుడూ చెప్పలేదు. ఆయనకు నచ్చింది. కూర్చుని చూశాడు, కాళ్లు నేలకు ఆనాయి. కిక్కు కొట్టాను. షెడ్డు మోగిపోయింది. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"ఎవురిది బాషా ఇది?"

"బెంగళూరాయనది. కాగితాలు చూడు."

కాగితాల్లో అదే ఉంది. నోరు దానంతటదే అలా పలికింది. ఉస్తాద్ కొట్టిన దెబ్బ అంత బాగా పనిచేసింది.

"సౌండు కొంచెం తగ్గించొచ్చా? బడికాడ పిల్లోళ్లు దడుసుకుంటారు."

డాల్డా డబ్బా నా తల పైన అలమార మీదే ఉంది. చెయ్యెత్తితే అందుతుంది.

"తగ్గిస్తే దీని లాగుడు పోతాది అయ్యోరూ. రాళ్ల దావ కదా నీది. నాలుగు రోజులు పోతే పిల్లోళ్లకే అలవాటయితాది."

ఆయన తల ఊపాడు. పని తెలిసినవాడి మాటను గౌరవించే మనిషి. ఆ రెండు గొట్టాలూ బిగిస్తే బండికి పోయేది చాలా కొంచెం. నెమ్మదిగా పోయే పంతులుకు ఆ తేడా తెలిసేదే కాదు. నేను పోగొట్టుకోలేనిది లాగుడు కాదు, ఆ గొంతు. అది నేను చేసిన వస్తువు. దాన్ని నోరు నొక్కి పంపడానికి నాకు మనసు రాలేదు.

బయపురెడ్డి చెప్పిన మాట మర్చిపోయానా? లేదు. ఆ మాట నా తలలో ఒక గదిలో ఉంది, అయ్యోరు ఇంకో గదిలో ఉన్నాడు. రెండింటి మధ్య తలుపు తెరవలేదు. రంగు మార్చాను కదా, మనిషి వేరు కదా, పంతులును ఎవరేం చేస్తారు అనుకున్నానేమో. అదీ గట్టిగా చెప్పలేను. అసలు ఏమీ అనుకోలేదనే నా అనుమానం.

కల్వర్టు దగ్గర

మూడు వారాలు. అన్ని సాయంత్రాలూ ఆయన వెలుతురు ఉండగానే ఇంటికి చేరాడు. రెండో వారంలో ఒకసారి ప్లగ్గు మసి పట్టి ఒక సిలిండరు ఆగిపోతే, రెండోదాని మీద నింపాదిగా వచ్చేశాడట. ఆ ఆదివారం వేంపల్లెలో చుట్టాలింటికి వచ్చినవాడు, ఈ సంగతి చెప్పడానికే షెడ్డు దాకా వచ్చాడు. "నువ్వు చెప్పినట్టే చేర్చింది బాషప్పా" అన్నాడు. టీ తాగి వెళ్లాడు. నేనాయన్ని చూడ్డం అదే ఆఖరు.

లింగాల నుంచి పులివెందుల వచ్చే దారిలో ఒక కల్వర్టు ఉంది. దాని కింద నలుగురు కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. అయ్యోరు పడమటి వైపు నుంచి వస్తున్నాడు, సూర్యుడు ఆయన వీపు వెనక. ఒక్క బాంబే వేశారు. ఎడమ పక్క తగిలింది. దగ్గరికొచ్చి చూసి పారిపోయారు. ఆయన అక్కడే చాలాసేపు బతికి ఉన్నాడని, నీళ్లడిగాడని తర్వాత విన్నాను. ఆ దారిలో ఆ వేళ బండి ఆపేవాడెవడు? బాంబు చప్పుడు విన్నవాళ్లందరూ తలుపులు వేసుకున్నారు.

రెండు రోజులకు పోలీసులు బండిని ట్రాక్టరులో వేసుకుని నా షెడ్డుకు తెచ్చారు. ఎవరిదో గుర్తు పట్టమన్నారు. ఎడమ సిలిండరు పగిలిపోయింది. సీటు మీద ఉన్నదాన్ని చూడలేక పక్కకు తిరిగాను.

"నడుస్తాదా ఇది?" అన్నాడు కానిస్టేబులు.

నేను జవాబు చెప్పే లోపే ఆయన కాలితో కొట్టాడు. మూడో కిక్కుకు కుడి సిలిండరు అందుకుంది. సగం గొంతుతో, కుంటుతూ, ఆగకుండా నడుస్తూనే ఉంది. నేను చెప్పినట్టే. నేనే తాళం తీశాను.

ఎందుకు చంపారో ఊళ్లో రకరకాలుగా చెప్పుకున్నారు. నాకు నిజం ఒక గురువారం తెలిసింది. అంటే ఎదుటి పార్టీ వాళ్ల రోజు. బెయిలు మీద బయటికొచ్చినవాడు ఒకడు బండి తెచ్చాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. వాడంతట వాడే మొదలుపెట్టాడు.

"అయ్యోరిని మేం యాల చంపుతాం మామా? మా అన్న పిల్లోళ్లకు సదువు చెప్పే మనిషి. ఎదురెండ. మొగం కనపడల్యా. బయపురెడ్డి బండి సౌండు ఇన్యాం, ఏసినాం. ఆ బండి అమ్మినాడని ఒక్కరన్నా చెప్పింటే."

ఒక్కరన్నా. తెలిసినవాళ్లం ఇద్దరమే, అమ్మినవాడూ నేనూ. వాడి బండికి క్లచ్ ప్లేట్లు మార్చి పంపాను. వాడి మీద చెయ్యెత్తాలని కూడా అనిపించలేదు. వాడు వేసింది బాంబు. అది ఎక్కడ పడాలో చెప్పింది నేను ఊడదీసిన రెండు గొట్టాలు.

గ్రేసమ్మ

నలభై రోజులు దాటాక గ్రేసమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. స్టూలు వేస్తే కూర్చోలేదు. ఆమె ఏడవలేదు. తెలుసుకుని పోవడానికి వచ్చింది.

"ఆ పొద్దు నేను గడపలో నిలబడినా బాషా. ఊరవతల ఉండంగానే ఆ సౌండు ఇనపడేది నాకు. దినామూ అంతే. ఇనపడతానే కాపీకి నీళ్లు పెడతాంటి. ఆ పొద్దు ఇనపడల్యా. నీళ్లు పెట్టకుండా అట్లే నిలబడినా."

నేను చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టాను.

"ఒకటడగల్ల నిన్ను. సౌండు తగ్గియ్యమని నిన్నడిగినాడంట. కుదరదన్నావంట. ఇంటికొచ్చి చెప్పినాడు. నిజ్జంగానే కుదరదా?"

డబ్బా అలమార మీదే ఉంది.

"కుదరదమ్మా. ఆ బండి తయారీనే అట్లాంటిది."

ఆమె గుడ్డసంచి భుజానికి తగిలించుకుంది. తర్వాత మెత్తగా అంది. "అట్లయితే నీ తప్పేముందిలే. నువ్వు మంచి బండే ఇచ్చినావని ఆయన చెప్తాండె. మనసులో ఏం పెట్టుకోవద్దు నాయనా."

అంత దూరం నుంచి బస్సులు మారి వచ్చి, నన్ను ఓదార్చి పోయింది. నేను చేసిన తప్పుల్లో గొట్టాలు తీసెయ్యడం మొదటిది, నోరు మూసుకోవడం రెండోది. ఈ మూడోదాని ముందు ఆ రెండూ చిన్నవి. ఆ రెండు నేను తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను.

ఇమ్రాన్, నువ్వడిగిన పాఠాలు ఇవే. రెండు సిలిండర్ల బండి మంచిది. కొనేవాళ్లకు ధైర్యంగా చెప్పు. కానీ నీ పనితనం మీద నీకున్న మోజును కొనేవాడి నెత్తిన పెట్టి పంపొద్దు. బండి చరిత్ర నీకు తెలిస్తే, అడిగినా అడక్కపోయినా చెప్పు. తన్నులు తిన్నా చెప్పు.

మొన్న నువ్వు షెడ్డు సర్దుతూ తుప్పు పట్టిన డాల్డా డబ్బా దించి, "ఇవేంది మామా, పారేద్దునా?" అన్నావు. నేను లాక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. నువ్వు వింతగా చూశావు. అవే గొట్టాలు ఇవి. కిరసనాయిలుతో తుడిచాను. లోపలింకా మసి ఉంది.

గ్రేసమ్మ కడపలో ఉందని కనుక్కున్నాను. రిటైరై చాలా ఏళ్లయిందట, చూపు ఆనదట. ఈ కాగితాలు తీసుకుని రేపు పొద్దున బస్సుకు పోతున్నాను. చదవడం ఆమెకు కుదరకపోతే నేనే చదివి వినిపిస్తాను. అంతకన్నా ముందు నిలబడి ఒక మాట చెప్పాలి. ఆ మాట రాత్రి నుంచి నోట్లో తిప్పుకుంటున్నాను.

కుదురుతాదమ్మా. ఒక్కో గొట్టానికి ఒక్క బోల్టు. పది నిమిషాల పని.